తప్పు సూర్యుడిది కాదు

“డ్రాగ్ బాగా ఎక్కువైంది గురూ, అందుకే పిల్ల ఇలా పడిపోతోంది” అని పెద్దాడు ఫోన్‌లో అన్న మాట, హాలు దాటి, వంటింటి గుమ్మం దాటి, కూరగాయలు తరుగుతున్న పిన్ని చెవిలో పడేసరికి దారిలో ఎక్కడో దీర్ఘం పోగొట్టుకుంది. పోయిన దీర్ఘాన్ని పిన్ని గొంతెత్తి తీసింది.

“అక్కోయ్! వీడెవరో పిల్లకి డ్రగ్గులు అలవాటు చేశాడే! ఎక్కువై పడిపోతోందట!”

మధ్యగదిలో బట్టలు మడతపెడుతున్న అమ్మ చేతిలో దుప్పటి ఆగిపోయింది. పిన్ని మాత్రం ఆగలేదు. ఒక చేత్తో సగం తరిగిన బంగాళాదుంప, ఇంకో చేత్తో కత్తి పట్టుకుని హాల్లోకి వచ్చి నిలబడింది.

“ఎవర్రా ఆ పిల్ల?”

“ఏ పిల్ల పిన్నీ?”

“నన్నడుగుతావేంట్రా! ఇన్నేళ్లూ పెళ్లి వద్దు, పెళ్లి వద్దు అంటుంటే పాపం సన్యాసి అనుకున్నాం. ఇదా నీ సన్యాసం?”

పెద్దాడు పెళ్లి అనే కక్ష్యలోకి ఎక్కకుండానే మధ్యవయసులోకి దిగిపోయిన మనిషి. అతనికి తెలిసిన కక్ష్యలన్నీ ఉపగ్రహాలవే. చిన్న చిన్న ఉపగ్రహాలు తయారుచేసే కంపెనీలో, ఏది ఎంత ఎత్తున తిరుగుతోందో, ఎప్పటికి కిందికి రాలిపోతుందో కంప్యూటర్లో లెక్కకట్టడం అతని ఉద్యోగం. ఫోన్ జేబులో పెట్టుకుని, కత్తికి అందనంత దూరం జరిగి, మెల్లగా చెప్పాడు.

“డ్రగ్ కాదు పిన్నీ, డ్రాగ్. అంత ఎత్తున కూడా కాస్త గాలి ఉంటుంది, ఉందా లేదా అన్నట్టు. ఉపగ్రహం దాంట్లోంచి దూసుకుపోతుంటే ఆ గాలి వెనక్కి లాగుతుంది. తెలుగులో చెప్పాలంటే, ఈడ్పు.”

“ఏడ్పా?”

“ఈడ్పు! ఈ... ఈ!”

“పళ్లికిలించకు. ఏడ్పో ఈడ్పో, ముందు ఆ పిల్ల సంగతి చెప్పు.”

“పిల్లంటే ఉపగ్రహమే పిన్నీ. ఆఫీసులో అందరం అలాగే పిలుస్తాం.”

“ఓస్, ఇంతేనా” అంది పిన్ని. కత్తి దించింది గానీ, ఇంట్లోకి ఒక కోడలు, చెడిపోయినదైనా సరే, వచ్చే అవకాశం చేజారిపోయినందుకు కాస్త నిరాశపడినట్టే కనిపించింది.

అమ్మ నవ్వలేదు. దుప్పటిని గుండెకి ఆనించుకుని గుమ్మంలోకి వచ్చింది.

“పడిపోతోందన్నావు. మన చిన్నాడిదేనా?”

పెద్దాడు తలూపాడు. పిన్ని బంగాళాదుంప వంక చూసుకుని, చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

చిన్నాడు అంటే పెద్దాడి తమ్ముడు. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటున్నా, అందరి నోటా వాడు టకటక. అన్నం వడ్డించేలోపు కంచం మీద టకటక, తలుపు తీసేలోపు తలుపు మీద టకటక, పక్కన ఎవరైనా కూర్చుంటే వాళ్ల వీపు మీద టకటక. “వీడికి వేళ్లు మొలవలేదే, దరువులు మొలిచాయి” అని పిన్ని తిట్టిపోసేది. పెద్దయ్యాక ఆ దరువే వాడికి బతుకుతెరువైంది. అన్న పనిచేసే కంపెనీలోనే రేడియో ఇంజనీరుగా చేరాడు.

పిల్ల ఆకాశంలోంచి తన క్షేమ సమాచారం చెప్పుకునే చిన్న రేడియో కట్టింది వాడే. మామూలుగా ఆ సమాచారాన్ని మోర్స్ కోడ్‌లో, పాత టెలిగ్రాం చుక్కలూ గీతలుగా, కంప్యూటరే కొట్టి పంపుతుంది. టకటకకి అది నచ్చలేదు. “కంప్యూటర్ కొట్టుడు వింటే కుళాయి కారుతున్నట్టుంటుంది, లేచి వెళ్లి కట్టేయాలనిపిస్తుంది” అన్నాడు. పాతకాలపు తంతి మీట ఒకటి సంపాదించి, బల్ల ముందు కూర్చుని, ఒక్కో మాటా తన చేత్తోనే కొట్టి రికార్డు చేశాడు. బ్యాటరీ నిండుగా ఉంటే ‘బాగున్నా’. తగ్గితే ‘ఆకలి’. ఒళ్లు వేడెక్కితే ‘ఉక్క’. వాడి కొట్టుడుకి ఒక చిన్న కుంటుడు ఉండేది. ప్రతి మాటలోనూ చివరి చప్పుడుని కాస్త సాగదీసి వదిలేవాడు, వెళ్లలేక వెళ్తున్న చుట్టంలాగా. చుక్కలూ గీతలూ చదవడం అమ్మకి రాదు. రావలసిన పనీ లేదు. అదంతా ఆవిడ కంచం మీద విన్నదే.

పిల్ల పైకి వెళ్లిన కొన్నాళ్లకి, వాన వెలిసిన రోడ్డు మీద బండి జారి టకటక పోయాడు. వాడు చేసిన పిల్ల ఆకాశంలో ఉంది. వాడి పిల్ల అప్పటికింకా కడుపులో ఉంది.

అప్పటినుంచి పిల్ల తెల్లవారగానో సాయంత్రం పూటో ఇంటి మీదుగా వెళ్లే వేళకి అమ్మ మేడెక్కేది. చీపురుకర్రకి అల్యూమినియం ఊచలు బిగించి టకటక చేసిన చేతి యాంటెనా ఒకటుంది. అది పట్టుకుని అమ్మ నిలబడితే, వెనకనుంచి పెద్దాడు దారి చెప్పేవాడు. “ఎడమకి అమ్మా. ఇంకొంచెం పైకి. ఆ, అలా తిప్పుతూ ఉండు.” పిట్టగోడ మీద పెట్టిన రేడియోలో ముందు ఇసుక రాలినట్టు చప్పుడు, దాంట్లోంచి మెల్లగా పైకి తేలుతూ ‘బాగున్నా, బాగున్నా’. నిమిషాల్లో అయిపోయేది. అది అయ్యేముందు అమ్మ ప్రతిసారీ “సరే నాయనా” అనేది. కిందికి దిగి టీ పెట్టేది. ఆ ‘సరే నాయనా’ వినలేక పెద్దాడు ప్రతిసారీ పక్కింటి నీళ్ల ట్యాంకుని పరీక్షగా చూసేవాడు.

టకటక భార్య మాత్రం మేడెక్కేది కాదు. ఆవిడ వేరే ఊళ్లో స్కూలు టీచరు. బిడ్డతో అక్కడే క్వార్టర్స్‌లో ఉంటుంది. ఒకసారి వచ్చినప్పుడు అత్తగారు పిలిస్తే మెట్ల దాకా వచ్చి, పైనుంచి ఆ చప్పుడు వినపడగానే రెండు చెవులూ మూసుకుంది.

“అది ఆయన కాదు బావగారూ. ఆయన చేసిన డబ్బా. డబ్బా బాగుంటే నాకేంటి?”

ఆ మాట అని లోపలికి వెళ్లిపోయింది.

డ్రగ్గుల గొడవ జరిగిన మర్నాడే ఆవిడ ఫోన్ చేసింది. పిన్నికి తెలిసిన సంగతి ఊరు దాటడానికి ఉపగ్రహాలతో పనిలేదు.

“డబ్బా పడిపోతోందట కదా బావగారూ. చిన్నత్తయ్య చెప్పింది.”

“అవునమ్మా. దిగుతోంది.”

అవతల వెనక ఎక్కడో గిన్నె మీద చెంచాతో కొడుతున్న చప్పుడు వినపడింది.

“వింటున్నారా? మన బుడ్డదే. పొద్దస్తమానం అదే పని. ఇన్నాళ్లూ నేను విననన్నాను. ఇప్పుడేమో... దానికి ఒక్కసారైనా వినిపించాలనుంది. నాక్కూడా. పరీక్షలవగానే సెలవులకి వస్తాను. అప్పటిదాకా ఉంటుందా? ఉండదంటే చెప్పేయండి, ఇప్పుడే బయల్దేరతాను. సెలవివ్వకపోతే ఉద్యోగం మానేసైనా వస్తాను.”

“తొందరపడకు. లెక్క చూసి చెప్తాను” అన్నాడు పెద్దాడు.

ఆఫీసులో కూర్చుని సిమ్యులేషన్ తెరిచాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో పిల్ల బతుకంతా కొన్ని గళ్లలో ఉంటుంది. బరువు ఒక గడి. గాలికి ఎంత మేర ఎదురొడ్డుతోందో చెప్పే ఏరియా ఒక గడి. గాలిని ఏ నమూనాతో లెక్కకట్టాలో ఎంచుకునేది ఒక గడి. అన్నిటికన్నా కింద సూర్యుడి గడి. సూర్యుడు ఉడికిపోతే పైనున్న గాలి పొంగుతుంది, చిక్కబడుతుంది, ఈడ్పు పెరుగుతుంది. సూర్యుడు చల్లబడితే గాలి మళ్లీ పల్చబడుతుంది. “లోకమంతా గాలిమాటలతో బతుకుతుంటే నేను గాలిలెక్కలతో బతుకుతున్నాను” అని పెద్దాడు కొత్తవాళ్లకి చెప్పి నవ్వించేవాడు.

ఆ రోజు అతను గాలి విషయంలో ఏ లోటూ చెయ్యలేదు. గాలి ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుందనుకునే పాత నమూనా తీసేసి, ఏ రోజుకారోజు సూర్యుడి కొలతలు తీసుకునే నమూనా పెట్టాడు. గడిచిన వారాల్లో పిల్ల నిజంగా ఎంత ఎత్తు తగ్గిందో తెచ్చి లెక్క పక్కన పెట్టి చూశాడు. లెక్క చెప్పినదానికంటే పిల్ల జోరుగా దిగుతోంది. ఆ దిగుడు చూస్తే దిగులేసింది.

దానికి రెండే కారణాలుంటాయి. గాలన్నా చిక్కబడి ఉండాలి, పిల్లన్నా గాలికి ఎక్కువ మేర చూపిస్తుండాలి.

అతని వేలు ఏరియా గడి దగ్గరికి వెళ్లింది. దాని పక్కన, ఉపగ్రహం పైకి వెళ్లకముందు టకటక టైపు చేసిన మాట ఉంది. ‘ముక్కుసూటి పిల్ల. ఈ అంకె మీద చెయ్యి వెయ్యకు అన్నయ్యా.’ అన్నకి ప్రతి అంకెనీ గెలికి చూసే అలవాటుందని వాడు పెట్టిన చురక అది. ఆఫీసంతా చదివి నవ్వుకున్నదే. పిల్ల ఆకారం అలాంటిది. పొడవాటి పెట్టె, దానికి రెండు వైపులా చాటల్లాంటి వెడల్పు రెక్కలు. లోపల బొంగరంలా తిరిగే చిన్న చక్రం ఒకటి పిల్ల ముక్కుని ఎప్పుడూ ముందుకే పట్టి ఉంచుతుంది. అప్పుడు రెక్కల అంచులు మాత్రమే గాలిని కోసుకుంటూ పోతాయి. అందుకే టకటక అంత చిన్న అంకె రాశాడు.

“గురూ” అంటూ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు యాంటెనా. అది మనిషి పేరే. గ్రౌండ్ స్టేషన్ చూసుకుంటాడు, పొడుగ్గా సన్నగా ఉంటాడు, చెవులు రెండూ ఎప్పుడూ ఏదో పట్టుకుంటున్నట్టుంటాయి. పెద్దాడు నిన్న ఫోన్‌లో మాట్లాడింది ఇతనితోనే.

“పిల్ల గొంతు ఊగుతోంది గురూ. పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. లోపలి చక్రం ఆగిపోయి దొర్లుతోందేమో. అలాగైతే ఇంక ముక్కుసూటి ఏంటి? ఆ ఏరియా మార్చి చూడు.”

“నీ డిష్ బోల్టు వదులై ఊగుతోందేమో, ముందు అది చూసుకో.”

“నా బోల్టులన్నీ గట్టివే. స్క్రూలు ఎవరివి వదులో నేనిప్పుడు చెప్పను” అని నవ్వి, స్నేహితుడి మొహం చూసి నవ్వు ఆపేసి, భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

పెద్దాడు ఆ అంకె ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఆ గడిలో కర్సర్ కొట్టుకుంటోంది. ఆ అంకె మార్చడమంటే, చక్రం ఆగిపోయిందని ఒప్పుకోవడం. పైన దొర్లుతున్నదానికి ముందూ వెనకా తెలియడం లేదని, తల్లి మేడ మీద నిలబడి వింటున్నది ఒళ్లు తెలియనివాడి పలవరింత అని ఒప్పుకోవడం. పైగా మార్చిన మరుక్షణం ఆ గడి పక్కన ‘చివరిసారి మార్చినవారు’ అన్నచోట టకటక పేరు పోయి తన పేరు వస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ మొత్తంలో తమ్ముడి పేరు మిగిలింది ఆ ఒక్కచోటే.

వేలు వెనక్కి తీసుకున్నాడు. సూర్యుడి గడిలోకి వెళ్లాడు. కొలిచినదానికన్నా సూర్యుణ్ణి కాస్త ఎక్కువ ఉడికించాడు. ‘ఆ కొలతలు మాత్రం ఏమంత కచ్చితం?’ అనుకున్నాడు. గడిచిన వారాల దిగుడు లెక్కకి అతికినట్టు సరిపోయింది. అది చూసి, నిజం దొరికిందనే అనుకున్నాడు. దొరికింది నిజం కాదు, సాకు.

ఇక ముందు సంగతి. సూర్యుడి మచ్చలు చూసి చెప్పేవాళ్లు రాబోయే వారాల్లో సూర్యుడు చల్లబడతాడన్నారు. సూర్యుడు చల్లబడితే గాలి పల్చబడుతుంది, ఈడ్పు తగ్గుతుంది, పిల్ల నిలుస్తుంది. సాఫ్ట్‌వేర్ గీసిన గీత సెలవులన్నీ దాటుకుని తాపీగా వెళ్లింది.

“ఉంటుందమ్మా” అని మరదలికి ఫోన్ చేశాడు. “నిదానంగా పరీక్షలు చూసుకునే రా.”

“నిజంగానా బావగారూ? గాలికబురు కాదు కదా?”

“గాలికబురే. కానీ లెక్కకట్టిన కబురు.”

ఆవిడ నవ్వింది. టకటక పోయాక ఆవిడ నవ్వడం అతను వినడం అదే మొదలు.

మేడ మీద మాత్రం ఆ గొంతు రోజురోజుకీ ఎక్కువ ఊగుతోంది. ‘బాగున్నా’లో సగం వినపడి, మునిగి, మళ్లీ తేలేది.

“పెద్దాడా, వాడి చెయ్యి వణుకుతోందిరా” అంది అమ్మ.

“అంత పైన చలి ఉండదూ మరి!” అంది పిన్ని, తనే వెళ్లొచ్చినట్టు.

“ఏంలేదమ్మా. సూర్యుడు కాస్త గొడవ చేస్తున్నాడు. తగ్గుతుందిలే” అన్నాడు పెద్దాడు. తప్పంతా సూర్యుడి మీదికి నెడితే ఒక సుఖముంది. సూర్యుడు దిగొచ్చి కాదనడు.

ఆ రోజు నుంచి ఇంట్లో సూర్యుడికి మర్యాద పోయింది. బట్టలు ఆరేస్తూ పిన్ని ఆకాశం వంక చూసి, “కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకో” అని హెచ్చరించేది.

చెప్పినట్టే సూర్యుడు చల్లబడ్డాడు. పిల్ల మాత్రం నిలవలేదు. ఆ మధ్యాహ్నం ఆఫీసులో పెద్దాడు రెండు కొలతలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకవైపు సూర్యుడు బుద్ధిగా, ఏ పాపం ఎరగనట్టు ఉన్నాడు. రెండోవైపు పిల్ల ఎత్తు మెట్లమీంచి కాలు జారినట్టు పడిపోతోంది. నెట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు.

ఏరియా గడిలోకి వెళ్లాడు. టకటక అంకె చెరిపేశాడు. దొర్లుతున్న పెట్టె, రెక్కలతో సహా, సగటున గాలికి ఎంత మేర అడ్డుపడుతుందో లెక్కకట్టి రాశాడు. పాతదానికి ఎన్నో రెట్లు. సూర్యుడి గడిలో తను పెట్టిన దొంగ ఉడుకు తీసేశాడు. గడిచిన వారాలన్నీ మళ్లీ అతికినట్టు సరిపోయాయి. ముందుకి గీసిన గీత మాత్రం పొడవుగా వెళ్లలేదు. రేపటి దగ్గర తలవంచుకుని కిందికి దిగిపోయింది.

మరదలికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పరీక్షల హాల్లో ఉంది, ఫోన్లు బయట పెట్టించేస్తారు. స్కూలు ఆఫీసుకి చేస్తే, గంట కొట్టాక చెప్తామన్నారు. గంట కొట్టారు, చెప్పారు, ఆవిడ చేసింది.

“వచ్చేయమ్మా” అన్నాడు.

ఎందుకని ఆవిడ అడగలేదు. ఫోన్ పెట్టేసింది.

మర్నాడు తెల్లవారుతూనే పిల్ల ఇంటి మీదికి వచ్చింది. మరదలు అప్పటికింకా బస్సులో ఉంది. రేడియోలో ఇసుక చప్పుడు, దాంట్లోంచి తేలుతూ మునుగుతూ టకటక చెయ్యి. అమ్మ తల పక్కకి వంచి వింది.

“ఈ పూట వేరే మాటేదో చెప్తున్నాడురా.”

పెద్దాడు రేడియో దగ్గరికి వంగి విన్నాడు. “ఉక్క అంటున్నాడమ్మా.”

అమ్మ యాంటెనాని ఎడమచేతికి మార్చుకుంది. కుడిచేత్తో కొంగు పట్టుకుని, ఆకాశం వైపు, మెల్లగా గాలి విసరడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు ఇద్దరికీ నిద్రపట్టేదాకా అలాగే విసిరేది. వాణ్ణి పడేస్తున్నది ఆ గాలేనని చెప్పడానికి పెద్దాడికి నోరు రాలేదు. పక్కింటి ట్యాంకు కూడా కనపడలేదు, కళ్లు అంతగా మసకబారాయి. ‘ఉక్క’ అన్న మాట చివర కాస్త సాగి, చప్పుడులో కలిసిపోయింది.

“సరే నాయనా” అంది అమ్మ.

సాయంత్రం గాలి బాగా లేచింది. మేడ మీద తీగల మీది బట్టలు బాదుకుంటున్నాయి. అమ్మ అప్పటికే యాంటెనా పట్టుకుని నిలబడింది. మరదలు బస్సు దిగి తిన్నగా మెట్లెక్కి వచ్చింది. భుజాన సంచీ, చంకలో బుడ్డది, ఒళ్లంతా ప్రయాణం దుమ్ము. చెప్పులు విప్పడం కూడా మర్చిపోయింది.

“వచ్చేసిందా?”

“ఇప్పుడే రావాలి” అన్నాడు పెద్దాడు గడియారం చూసి.

ఆవిడ బుడ్డదాన్ని పిట్టగోడ దగ్గర, రేడియోకి దగ్గరగా దించి, దాని భుజాలు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. పిన్ని బిడ్డ కోసం కంచంలో అన్నం కలుపుకుని వచ్చి, పెట్టకుండా అలాగే నిలబడింది. రేడియోలో ఇసుక చప్పుడు మొదలైంది. అమ్మ చేతికి దారి ఎప్పుడో అలవాటైపోయింది. పెద్దాడు చెప్పకుండానే యాంటెనాని ఆ అంచునుంచి ఈ అంచుదాకా, పిల్ల నడిచే దారంతా, మెల్లగా తిప్పుకుంటూ వచ్చింది. ఇసుకే. ఇంకోసారి తిప్పింది. ఇసుకే.

పెద్దాడి జేబులో ఫోన్ మోగింది. యాంటెనా.

“గురూ... మనకి ముందున్న స్టేషన్ వాళ్లకి కూడా ఏమీ వినపడలేదట. మన డిష్‌కీ లేదు. అయిపోయింది గురూ.”

పెద్దాడు రేడియో కట్టేశాడు. ఆ చప్పుడు ఆగగానే అందరికీ తెలిసిపోయింది.

“ఆ సూర్యుడు పాడుగాను!” అంది పిన్ని. “ఇంకొన్నాళ్లు ఆగితే వాడి సొమ్మేం పోయింది? బిడ్డ వచ్చేదాకా కూడా ఆగలేకపోయాడు!”

“ఎవరిని అనుకుని ఏం లాభమే” అంది అమ్మ.

మరదలు బావగారి వంకే చూస్తోంది. “పరీక్షలయ్యేదాకా ఉంటుందన్నారు” అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది అతనికి.

ఊరుకుంటే సరిపోయేది. పిన్ని అప్పటికే తీర్పు చెప్పేసింది, ముద్దాయి పడమటి దిక్కుకి దిగిపోతున్నాడు. పెద్దాడు పిన్ని చేతిలో కంచం తీసుకుని, అన్నం పక్కనున్న గిన్నెలోకి వంపేశాడు. టకటక దరువులకి అంచంతా సొట్టలు పడిన కంచమే అది.

“తప్పు సూర్యుడిది కాదు పిన్నీ. నాది. చూడండి.”

గాలికి ఎదురుగా నిలబడి, కంచం అంచుని గాలివైపు పెట్టి చెయ్యి చాచాడు. కంచం కదల్లేదు. “పిల్ల ఇలా పోతుందని చిన్నాడు లెక్క రాశాడు. అంచు ముందుకి పెట్టి, ముక్కుసూటిగా. వాడు రాసినప్పుడు అది నిజమే. తర్వాత లోపల చక్రం ఆగిపోయింది. అప్పట్నుంచి దొర్లుతోంది.” కంచాన్ని వెడల్పుగా గాలికి తిప్పాడు. గాలి దాన్ని కొట్టి చెయ్యి వెనక్కి నెట్టేసింది. “లెక్కలో నేను ఆ అంకె మార్చాలి. మార్చమని యాంటెనా కూడా చెప్పాడు. మార్చలేదు. అక్కడ వాడి రాత ఉంది. దాన్ని వదిలేసి సూర్యుడి అంకె పెంచాను. అందుకే సూర్యుడు చల్లబడగానే ఇది నిలుస్తుందని లెక్క అబద్ధం చెప్పింది. అదే మీకందరికీ చెప్పాను.”

“అయితే వాడి చెయ్యి వణికింది...” అంది అమ్మ.

“చలికి కాదమ్మా. దొర్లుతుంటే గొంతు మనవైపు వస్తూ పోతూ ఉండేది.”

“నేనడిగాను కదరా.”

“అడిగావు.”

మరదలు లేచి నిలబడింది. “అంకె మార్చుంటే, నేను ఫోన్ చేసిన రోజే తెలిసేదా?”

“తెలిసేదమ్మా.”

“అప్పుడే బయల్దేరి ఉంటే?”

“రోజూ వినేదానివి.”

“ఏం రాశారక్కడ?” అని అడిగింది ఆవిడ.

“ఈ అంకె మీద చెయ్యి వెయ్యకు అన్నయ్యా, అని.”

“జోకు వేశారు బావగారూ ఆయన!” అంది. “ఆయన సంగతి మీకు తెలీదా? ఆయన జోకుని పట్టుకుని... జోకుని పట్టుకుని మీరు...”

అమ్మ యాంటెనా పిట్టగోడకి చేరేసి వచ్చి కోడల్ని దగ్గరికి తీసుకుంది. పిన్ని గిన్నెలో అన్నం వంక చూస్తూ నిలబడింది. బుడ్డది వచ్చి పెద్దాడి చేతిలో కంచం లాక్కుని, కింద పెట్టి, అరచేత్తో బాదింది. అందరూ ఒక్కసారి అటు తిరిగారు. తల పక్కకి వంచి అమ్మ కాసేపు వింది. ఆ చప్పుడులో ఏ మాటా లేదు. పిల్లల చప్పుడు, అంతే. వాడిలాగే ఉందని ఎవరూ అనలేదు.

మరదలు కళ్లు తుడుచుకుంది.

“ఇంకోసారి చూపించండి బావగారూ. నాకు సరిగ్గా తెలియలేదు.”

అతను బుడ్డదాన్ని బతిమాలి కంచం తీసుకున్నాడు. ఈసారి మెల్లగా చూపించాడు, అంచు ముందుకి, తర్వాత వెడల్పుగా. మరదలు చెయ్యి చాపి తనూ పట్టుకుంది. గాలి తగిలి కంచం ఇద్దరి చేతుల్నీ వెనక్కి లాగింది.

“ఇదేనా ఈడ్పు?” అంది పిన్ని, చాలా మెల్లగా.

“ఇదే పిన్నీ.”

ఈసారి ఆవిడకి మాట సరిగ్గానే వినపడింది.